ఇంజనులోని కంప్యూటరు ఎంతవరకు సర్దుకొనును?

(వార్షికోత్సవమునకు ముందురోజు జరిగిన తలిదండ్రుల సభలో మన ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ సభలో ప్రతి సంవత్సరము చదువులను గూర్చియు పరీక్షాఫలితములను గూర్చియు మాటలాడుట మన వాడుక. ఆ సంగతులన్నియు వార్షిక నివేదికలో అచ్చుపడియున్నవి గనుక వానిని మరల చదివి మీ కాలము హరింపము. ఈ యేడు మా గదికి వచ్చిన తలిదండ్రులు పలువురు అడిగిన ప్రశ్న వేరు. పెద్ద కుమారుడు మోటారు సైకిలుకు క్రొత్త సైలెన్సరు వేయించినాడు. ఎందుకురా యని మందలించినచో, "లోపల కంప్యూటరు ఉంది నాన్నా, అదే సర్దుకుంటుంది" అనుచున్నాడు. ఇది నిజమేనా, అని వారి ప్రశ్న. వేరొకరు తమ కారునకు రీమ్యాపు చేయించినచో బలము పెరుగునని అంగడివారు చెప్పిరనియు, అందులకు సొమ్ము పెట్టవచ్చునా యనియు అడిగిరి. మన హోసూరు ప్రాంతమున మోటారు సైకిళ్లును లారీలును తయారగు కర్మాగారములు కలవు. వానిలో పనిచేయువారు ఈ సభలోనే కూర్చుండియున్నారు. వారికి మేము చెప్పదగిన క్రొత్త యేమియు నుండకపోవచ్చును. తక్కినవారి కొరకు మాత్రము మేము చదివి తెలిసికొన్నదియు, మా భౌతికశాస్త్ర విద్యార్థులు స్వయముగ పరీక్షించి చూచినదియు మనవి చేయుదుము.

పిల్లవాడు చెప్పినది సగము నిజము. ఆ సగము ఎక్కడ ముగియునో తెలియకపోవుటయే ప్రమాదము.

ముందుగా ఇంజను ఆకలిని గూర్చి రెండు మాటలు. పెట్రోలు తనంత తాను మండదు. దానికి గాలి కావలెను. ఒక కిలో పెట్రోలు పూర్తిగ మండుటకు 14.7 కిలోల గాలి అవసరము. లీటర్ల లెక్కలో చెప్పినచో, ఒక లీటరు పెట్రోలునకు సుమారు 9,000 లీటర్ల గాలి. మనము టాంకులో పోయునది పెట్రోలే యైనను, ఇంజను త్రాగునది అధికముగ గాలియే. ఈ పాళ్లు తప్పి పెట్రోలు ఎక్కువైనచో పొగ, మసి, ఖర్చు. గాలి ఎక్కువైనచో మంట తీరు చెడును. బరువు లాగునపుడు వేడి మితిమీరును.

పూర్వము ఈ పాళ్లు కలుపు పని కార్బ్యురేటరుది. గాలి వేగమునకు పెట్రోలు తానే పీల్చబడి వచ్చుచుండెను. మరమ్మతు పనివాడు స్క్రూడ్రైవరు పట్టుకొని, చెవి యొగ్గి, శబ్దమును బట్టి పాళ్లు దిద్దుచుండెను. ఆ విద్యను మేము చులకన చేయము. మంచి మేస్త్రీ చెవి గొప్ప పరికరమే. 1967లో జర్మనీ దేశపు బాష్ సంస్థవారు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్ము ఏర్పాటును వోక్స్‌వ్యాగన్ 1600 కారులో పెట్టిరి. అది లెక్కించి చిమ్మెడిదే గాని, చిమ్మిన దాని ఫలితమెట్లున్నదో దానికి తెలియదు. 1976లో వోల్వో కార్లకు పొగగొట్టములో ఆక్సిజను సెన్సారు అమర్చబడినది. సర్దుకొను గుణము ఇంజనునకు నిజముగ వచ్చినది అప్పుడే. మన దేశమున కార్లకు 2000 సంవత్సర ప్రాంతమునను, మోటారు సైకిళ్లలో చాలవాటికి 2020 ఏప్రిల్ 1వ తేదీన బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినపుడును ఈ పద్ధతి వ్యాపించినది.

ఇక ఆ కంప్యూటరు పని యెట్టిదో చూతము. దానిలో ఒక పట్టిక వ్రాసియుండును. ఎక్కముల పుస్తకమువంటిదే యనుకొనుడు. అడ్డముగ ఇంజను చుట్ల సంఖ్య, నిలువుగ ఇంజను మోయు భారము. ఇన్ని చుట్లు, ఇంత భారము అయినపుడు పెట్రోలు ఇంజెక్టరు ఇన్ని మిల్లీసెకనులు తెరచుకొనవలెనని ప్రతి గడిలోను ఒక అంకె. ఇట్టిదే మరియొక పట్టిక స్పార్కు ఎప్పుడు పడవలెనో చెప్పును. ఈ అంకెలను కర్మాగారపు ఇంజనీర్లు నెలల తరబడి పరీక్షలు చేసి నింపుదురు. వారు నింపినది వారి సైలెన్సరునకు, వారి ఫిల్టరునకు, వారి ఇంజెక్టరునకు మాత్రమే సరిపడును.

అయితే లోకములో ఏ రెండు బండ్లును ఒక్క తీరుగ నుండవు. ఫిల్టరులో దుమ్ము పేరుకొనును, ఇంజెక్టరు మూసికొనును, పెట్రోలు గుణము మారును, కొండ యెక్కినచో గాలి పలుచనగును. అందుచే పట్టికకు ఒక దిద్దుబాటు కావలెను. ఆక్సిజను సెన్సారు పొగగొట్టములో కూర్చుండి, మంట తరువాత ప్రాణవాయువు మిగిలినదా లేదా చూచుచుండును. మిగిలినచో పెట్రోలు చాలలేదని అర్థము. అప్పుడు అది పంపు విద్యుత్తు ఒక వోల్టులో పదవ వంతు మాత్రముండును. మిగలనిచో పెట్రోలు ఎక్కువైనదని అర్థము. విద్యుత్తు పదింట తొమ్మిది వంతులకు చేరును. కంప్యూటరు దానిని చూచి పెట్రోలు కొంచెము పెంచును, కొంచెము తగ్గించును. ఈ పని సెకనులలో మరల మరల జరుగుచుండును.

వంటయింటి పోలిక తల్లులకు సుళువుగ తెలియును. సాంబారునకు గరిటెడు ఉప్పు అని కొలత పెట్టుకొంటిరి. రుచి చూచి, నేడు చిటికెడు తక్కువైనదని కలిపితిరి. అది తాత్కాలిక సవరణ. క్రొత్త ఉప్పు పొట్లము విప్పిన నాటినుండి ప్రతిదినము చిటికెడు కలుపవలసి వచ్చుచున్నచో, కొన్నాళ్లకు కొలతనే మార్చుకొందురు. అది స్థిరమైన సవరణ. కంప్యూటరు చేయునదియు ఇదే. తాత్కాలిక సవరణ ఒకే దిక్కునకు మొగ్గుచున్నచో దానిని స్థిరపు పద్దులోనికి మార్చి వ్రాసికొనును. మరునాడు బండి నడుపునపుడు ఆ పద్దుతోనే ప్రారంభించును. "నేర్చుకొనును" అని పిల్లలు చెప్పునది దీనినే. కాని అది నేర్చుకొనునది ఒక్క శాతమే: పట్టికలోని అంకెకు నూటికి ఎంత కూడవలెను, ఎంత తీసివేయవలెను. సైలెన్సరు మారినదని దానికి తెలియదు. ఎవరు మార్చిరో, ఎందులకు మార్చిరో అసలే తెలియదు.

ఈ కూడిక తీసివేతలకు హద్దు కలదు. సాధారణముగ నూటికి 20 లేక 25 వరకే. ఆ హద్దు తాకినచో తన చేత కాదని ఒప్పుకొని, ఎదుటి పలకపై ఇంజను ఆకారపు దీపము వెలిగించును.

మా విద్యార్థులు చూచిన సంగతి యిచట చెప్పవలెను. ఈ సంవత్సరము భౌతికశాస్త్ర ప్రయోగశాలకు, కంప్యూటరులోని అంకెలు చదువు స్కానరు నొకదానిని కొంటిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు దానిని మన పాఠశాల పెట్రోలు వ్యానునకు తగిలించిరి. డ్రైవరు బండి బాగుగనే నడుచుచున్నదనియు, ఏ లోపమును లేదనియు చెప్పెను. దీపమును వెలుగలేదు. బండి నిలిచియుండగా స్థిర సవరణ 3 శాతము. అది పెద్ద సంగతి కాదు. రహదారిపై వేగము పెంచిన కొలది అది 8, 11, తుదకు 14కు చేరినది. పిల్లలు తర్కించిరి. గాలి తూచుటలో లోపమైనచో నిలిచియున్నపుడు గూడ కనబడవలె గదా. పెట్రోలు ఎక్కువ కావలసినపుడే కొరత పెరుగుచున్నది గనుక పెట్రోలు వచ్చు దారిలో అడ్డమున్నదని నిర్ణయించిరి. మేస్త్రీ ఫిల్టరు విప్పి చూచినచో అది మడ్డితో మూసికొనియున్నది. క్రొత్తది వేసి వారము దినములు నడిపిన పిమ్మట సవరణ 2కు దిగినది. ఈ లెక్కనంతయు పిల్లలు తెలుగులో వ్రాసి గోడపత్రికకు అంటించిరి, తలిదండ్రులు చూచిపోవలెను. మా అభిప్రాయమున ఇందులోని ముఖ్యమైన సంగతి, సర్దుకొను గుణమే లోపమును దాచినదన్నది. బండి మౌనముగ సర్దుకొనుచుండుటచే అందరును బాగున్నదనుకొంటిమి.

ఇప్పుడు సైలెన్సరు సంగతికి వత్తము. క్రొత్త సైలెన్సరు, పలుచని ఫిల్టరు వేసినచో గాలికి అడ్డు తగ్గును; కొన్ని వేగములలో ఇంజనులోనికి మునుపటికంటె ఎక్కువ గాలి పోవును. చాల కార్లలో గాలిని కొలుచు పరికరము కలదు. అది ఎక్కువ గాలిని గమనించి ఎక్కువ పెట్రోలు చిమ్మించును. మిగిలిన చిన్న తేడాను ఆక్సిజను సెన్సారు దిద్దును. ఇంతవరకు పిల్లవాని మాట నిజమే. అయితే ఫిల్టరుతోపాటు గొట్టమును గూడ మార్చి, కొలుచు పరికరమున్న చోట వ్యాసము పెద్దదైనచో, అదే గాలికి ఆ పరికరము తక్కువ అంకె చెప్పును. తక్కెడ మారినది గాని తూకపు రాళ్లు మారలేదు.

మోటారు సైకిలు వేరు. చాల మోటారు సైకిళ్లలో గాలిని నేరుగ కొలుచు పరికరము లేదు. థ్రాటిలు ఎంత తెరచియున్నది, ఇంజను ఎంత వేగముగ తిరుగుచున్నది, అను రెండింటినిబట్టి పట్టిక చూచి గాలి ఇంత యుండునని ఊహించును. సైలెన్సరు మార్చినను ఊహ మారదు. మెల్లగ, సమముగ నడుపునపుడు ఆక్సిజను సెన్సారు తప్పును పట్టుకొని దిద్దును. కనుక ఊరిలో తిరుగునపుడు బండి చక్కగనే యుండును. "చూడు నాన్నా, సర్దుకున్నది" అని పిల్లవాడు చూపించునది ఈ భాగమే.

థ్రాటిలు పూర్తిగ తిప్పినపుడు కథ మారును. పూర్తి బలము కావలసినపుడు ఇంజనునకు 14.7 పాళ్లు పనికిరావు. ఒక పాలు పెట్రోలునకు 12.5 నుండి 13 పాళ్ల గాలి, అనగా చిక్కని మిశ్రమము కావలెను. ఆ అధిక పెట్రోలు ఆవిరియై లోపలి వేడిని గూడ కొంత తగ్గించును. సామాన్యమైన ఆక్సిజను సెన్సారు 14.7కు ఇటా, అటా యని మాత్రమే చెప్పగలదు. ఎంత ఇటు, ఎంత అటు అని చెప్పలేదు. గుమ్మము దాటినాడా లేదా చెప్పు కాపలావాడు, దాటినవాడు ఎంత దూరము పోయెనో చెప్పలేడు గదా. అందుచే పూర్తి థ్రాటిలులో కంప్యూటరు సెన్సారు మాట వినుట మానివేసి, పట్టికనే నమ్మి పోవును. మెల్లగ నడిపినపుడు నేర్చుకొన్న శాతమును కొన్ని బండ్లు అక్కడికి గూడ తీసికొనిపోవును. కాని మెల్లని వేగములో తేడా 3 శాతమైనంత మాత్రమున పూర్తి వేగములో గూడ 3 శాతమే యుండవలెనని లేదు.

కావున, కుమారుడు వేగము కొరకు సైలెన్సరు మార్చినాడు. ఆ వేగమును వాడుకొను క్షణముననే సర్దుబాటు కన్ను మూసికొనును. పెట్రోలు చాలని మిశ్రమము పూర్తి భారములో మండినచో వేడి పెరుగును, ఇంజను నాకింగు చేయును. పిస్టను అల్యూమినియము మిశ్రలోహముతో చేసినది. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. మిశ్రలోహము అంతకు ముందే మెత్తబడును. పిస్టను తలలో రంధ్రము పడిన ఇంజను విప్పి చూపు మేస్త్రీలు ఏ ఊరిలోనైనను ఉందురు. రహదారిపై వేగముగ పోవుచుండగా ఇంజను పట్టివేసినచో వెనుక చక్రము బిగిసిపోవును. మా భయమంతయు దానిని గూర్చియే. ఇంజను ధరను గూర్చి కాదు.

చిన్న సంగతి యొకటి చెప్పి ముందునకు పోదుము. సైలెన్సరు జోడించిన చోట సందు మిగిలినచో, పొగ లోపలికి పోయి వచ్చు విరామములలో బయటి గాలి కొంచెము లోనికి పీల్చబడును. సెన్సారు ఆ గాలిని చూచి పెట్రోలు చాలలేదని చెప్పును. కంప్యూటరు పెట్రోలు పెంచుచునే యుండును. లోపము వాషరుదో, వదులైన బోల్టుదో, ఖర్చు టాంకుది. సైలెన్సరు మార్చిన పిమ్మట మైలేజీ పడిపోయినదని చెప్పువారు మొదట చూడవలసినది ఈ జోడింపునే.

స్పార్కు పట్టికను గూర్చి కొంచెము. ఇంజను 6,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక సిలిండరులో సెకనుకు 50 సార్లు స్పార్కు పడును. ఒక్క డిగ్రీ తేడా యనగా సెకనులో 36,000వ వంతు. అంత సన్నని లెక్కలో స్పార్కు కొంచెము ముందైనను నాకింగు వచ్చును. కార్లలో చాలవాటికి నాక్ సెన్సారు కలదు. అది ఇంజను ఒంటికి చెవి యానించి ఆ టకటక శబ్దము వినును, వినగానే కంప్యూటరు స్పార్కును కొన్ని డిగ్రీలు వెనుకకు జరుపును, శాంతించిన పిమ్మట మెల్లగ ముందునకు తెచ్చును. పాత మేస్త్రీ చెవికి ఇది వారసురాలు. చిన్న మోటారు సైకిళ్లలో చాలవాటికి ఈ చెవి లేదు. ఖరీదైన హై ఆక్టేను పెట్రోలు పోసినచో బలము పెరుగునను మాటయు దీనికి సంబంధించినదే. నాకింగు చెవి కలిగి, దానివలన వెనుకకు తగ్గియున్న ఇంజనునకు లాభము కలదు. తక్కినవానికి ఆ పెట్రోలువలన ఖర్చే గాని బలము రాదు.

ఇరవై శాతము ఇథనాలు కలిపిన పెట్రోలును గూర్చి చాలమంది అడుగుచున్నారు. 2025 నాటికి అది దేశములోని చాల బంకులకు వచ్చినది. ఇథనాలులో ప్రాణవాయువు ముందుగనే యుండుటచే దానికి గాలి తక్కువ చాలును. ఒక కిలోకు సుమారు 9 కిలోలు. పది శాతము మిశ్రమమునకు బదులు ఇరవై శాతము మిశ్రమము పోసినచో కంప్యూటరు సుమారు 4 శాతము ఎక్కువ చిమ్మవలసివచ్చును. అది సర్దుబాటు హద్దునకు చాల లోపల. కావున పాళ్ల విషయమున సెన్సారున్న బండి సర్దుకొనును; కార్బ్యురేటరు బండి సర్దుకొనలేదు. అయితే పాత బండ్ల రబ్బరు గొట్టములు, సీళ్లు ఇథనాలునకు తట్టుకొనునా లేదా యనునది వేరు ప్రశ్న. దానిని ఏ కంప్యూటరును దిద్దలేదు. బండితో వచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. ఇథనాలులో శక్తి, లీటరునకు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే గనుక మైలేజీ కొంత తగ్గుటయు సహజమే.

ఇక రీమ్యాపు. దాని అర్థము, పట్టికలోని అంకెలనే తిరిగి వ్రాయుట. వెనుకటి కాలమున చిప్పు ఊడబెరికి వేరొకటి అమర్చెడివారు. నేడు స్కానరు తగిలించు చోటనే తీగ తగిలించి వ్రాయుచున్నారు. నిజమైన ట్యూనరు పని యెట్లుండునో తెలిసికొన్నచో నకిలీని గుర్తించుట సుళువు. అతడు బండిని డైనో యను రోలర్లపై ఎక్కించును. పాళ్లను అంకెతో సహా చెప్పగల వైడ్‌బ్యాండు సెన్సారును పొగగొట్టములో అమర్చును. ఒక్కొక వేగమున, ఒక్కొక భారమున నిలిపి, ఆ గడిలోని అంకెను దిద్దును. స్పార్కును ఒక్కొక డిగ్రీ జరుపుచు నాకింగు వినును. కష్టమైన పని. తుదకు బండి మెల్లగ నడుచునపుడు సవరణ శాతము సున్నకు దగ్గరగ నున్నదా యని చూచును. ఏలయన పట్టిక సరిగ నున్నపుడు కంప్యూటరునకు దిద్దవలసినది ఏమియు మిగలదు. దిద్దుబాటు తక్కువగ నుండుటయే మంచి ట్యూనింగునకు గుర్తు. పెద్ద ఇంజెక్టర్లు వేసినవాడు కంప్యూటరునకు ఆ సంగతి చెప్పక వదలినచో, అది తన హద్దునంతటిని ఆ ఒక్క తప్పు దిద్దుటకే ఖర్చు పెట్టును. రేపు ఫిల్టరు మూసికొన్నచో దిద్దుటకు చేతిలో ఏమియు మిగలదు. నెలజీతమంతయు వడ్డీకే పోవు ఇంటివంటిది ఆ బండి.

దీనికి భిన్నముగ, ఎవరి బండినో దిద్దిన పట్టికను లాప్‌టాపు నుండి పది నిమిషములలో ఎక్కించి పంపువారు కలరు. సెన్సారునకును కంప్యూటరునకును నడుమ చిన్న పెట్టె తగిలించి, సెన్సారు మాటను మార్చి చెప్పించువారును కలరు. వీనిని పిగ్గీబ్యాకు అందురు. వీనిలో చవుకైనవాని వింత యేమన, మొదటి దినములలో బండి చురుకుగ తోచును. కంప్యూటరు ఆక్సిజను సెన్సారు ద్వారా ఎక్కువ పెట్రోలును గమనించి, మెల్లమెల్లగ తన పద్దులో అంత తీసివేయును. వారము దినములకు బండి యథాస్థితికి వచ్చును. పెట్టె కలుపుచుండును, కంప్యూటరు తీసివేయుచుండును. సొమ్ము మాత్రము తిరిగిరాదు. నేటి క్రొత్త కార్లు ఇంకను ఒక అడుగు ముందునకు పోయినవి: ఇంత గాలికి, ఇంత పెట్రోలునకు ఇంజను ఇంత బలమీయవలెనని లెక్కించుకొని, లెక్క మించినచో థ్రాటిలును తామే మూయును.

బ్యాటరీ తీగ ఊడదీసి తిరిగి తగిలించుట మరియొక చిట్కా. చాల బండ్లలో అంతటితో నేర్చుకొన్న పద్దంతయు చెరిగిపోవును, దీపమును ఆరును. యజమాని మరమ్మతు జరిగినదని సొమ్మిచ్చి పోవును. లోపము అక్కడనే యున్నది గనుక కొన్ని దినములకు పద్దు మరల పెరిగి దీపము మరల వెలుగును. పలక తుడిచినంత మాత్రమున లెక్క సరియగునా?

పట్టికలో ఏమి వ్రాయవలెననునది మనిషి నిర్ణయము. కంప్యూటరునకు న్యాయాన్యాయములు తెలియవు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ వోక్స్‌వ్యాగన్ డీజిలు కార్ల మోసమును బయటపెట్టినది. ఆ కార్ల కంప్యూటరు, తాను పరీక్షాశాలలో రోలర్లపై ఉన్నానని చక్రముల తీరును, స్టీరింగు తిరుగకుండుటను బట్టి గ్రహించి అప్పుడు మాత్రమే పొగను శుభ్రముగ నుంచెడిది. రహదారిపై కొన్ని కార్లు నైట్రోజను ఆక్సైడులను హద్దునకు 40 రెట్ల వరకు విడిచినవి. ప్రపంచమంతట కోటి పది లక్షల కార్లలో ఆ పట్టిక యున్నదని ఆ సంస్థయే ఒప్పుకొన్నది. పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కార్లను పరీక్షాశాలలో నుంచక రహదారిపై నడిపి కొలుచుటచే మొదట అనుమానము పుట్టినది. పరీక్షలో నొక తీరు, బయట నొక తీరు ఉండువారిని పట్టుకొనుట మా ఉపాధ్యాయవృత్తిలోని వారికి క్రొత్త కాదు. కంప్యూటరు గూడ కాపీ కొట్టునని మాత్రము అప్పుడు తెలిసినది.

మన దేశపు చట్టమును తలిదండ్రులు ఎరిగియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 సవరణచే వచ్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు కారాగారవాసము, లేక రెండును విధింపవచ్చునని చెప్పుచున్నది. యజమాని యనగా ఆర్.సి. పుస్తకములో పేరున్నవాడు. చాల ఇండ్లలో ఆ పేరు తండ్రిది.

ఇంత చెప్పినందున, పిల్లల చేతినుండి పానా లాగికొనుడని మేము చెప్పుచున్నామని తలపవలదు. విప్పి చూడవలెనను కోరిక చెడ్డది కాదు. కోయంబత్తూరు ప్రాంతమున 1893లో తెలుగు కుటుంబములో పుట్టిన జి.డి. నాయుడుగారిని గూర్చి మన పిల్లలు ఎరుగుదురు. మోటారు సైకిలు నొకదానిని చూచి, దానిపై మనసు పడి, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, కొని, విడదీసి, దాని మర్మము తెలిసికొన్నవాడాయన. 1920లో పొల్లాచి, పళని నడుమ ఒక్క బస్సుతో వ్యాపారమారంభించెను. ఆయన విప్పిన యంత్రములో మర్మమంతయు కంటికి కనబడెడిది. నేడు సగము మర్మము అంకెలలో నున్నది. అందుచే ఈనాటి మేస్త్రీకి పానాతోపాటు శాతములు, నిష్పత్తులు, గ్రాఫులు కావలెను. ఎనిమిదవ తరగతిలో మానివేసి షెడ్డులో చేరెదనను పిల్లవానితో మేము వాదించునది ఈ విషయమే. ఆంగ్లము రానివాడు ఆ పనికి తగడని కొందరు తలిదండ్రులు నిరాశపడుచున్నారు. స్కానరు తెరపై వచ్చు ఆంగ్లపు మాటలు వాడుకలో నలుబది యేబది. అవి ఒక నెలలో అబ్బును. ధన గుర్తు ఋణ గుర్తుల అర్థము తెలియనివానికి ఏ భాషయు సహాయము చేయదు. వ్యాను ఫిల్టరు లోపమును పట్టిన పిల్లలు అంకగణితమును తెలుగులోనే నేర్చినవారు.

ఇంటిలో బండిని ట్యూనింగు చేయించెదమని పిల్లవాడు పట్టుపట్టినచో, అంగడివారిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. వైడ్‌బ్యాండు సెన్సారు ఉన్నదా? పూర్తి థ్రాటిలులో పాళ్లెంత వచ్చినవో కాగితముపై చూపుదురా? పాత పట్టికను భద్రపరచి కోరినపుడు తిరిగి ఎక్కింతురా? పొగగొట్టములోని కన్వర్టరును తీసివేయుదురా, ఉంచుదురా? తీసివేయుదుమనువానితో మాట పొడిగింప బనిలేదు. కాగితము చూపలేనివాడు, "కంప్యూటరే సర్దుకుంటుంది" అని చెప్పినచో, ఏ వేగమున, ఎంతవరకు, ఏ సెన్సారు చూచి సర్దుకొనునని ప్రశ్నింపుడు.

స్కానరు ప్రయోగశాలలో నున్నది. ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, విద్యార్థులు దానితో కూర్చుందురు. పెట్రోలు కార్లు, వ్యానులు గల తలిదండ్రులు తీసికొనివచ్చి చూపింపవచ్చును, రుసుము లేదు. మోటారు సైకిళ్లకు వేరు జోడింపు తీగ కావలెను. అది కొనుటకు కార్యవర్గము అనుమతించినది, వచ్చిన పిమ్మట తెలియజేయుదుము. దీపము వెలుగుచున్న బండిని తెచ్చువారు ముందుగ బ్యాటరీ తీగ ఊడదీయక, ఉన్నది ఉన్నట్లుగ తీసికొనిరావలసినదిగా కోరుచున్నాము.